ముందు పొయ్యి, తర్వాత పొలం: విశాఖ చుట్టుపక్కల చేలల్లో మిగిలిన కూరగాయలను ఆకలి ఉన్నచోటికి చేర్చడం ఎలా

సంక్రాంతి వెళ్లిందంటే చాలు, ఒకే ప్రశ్న పదిమంది అడుగుతారు. "ఆనందపురం నుంచి వస్తుంటే చేను గట్టున వంకాయలు గుట్టగా పోసి ఉన్నాయి. తెచ్చి లేనివాళ్లకు ఇవ్వచ్చా? ఎవరిని అడగాలి? ఎక్కడ ఇవ్వాలి?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇవ్వచ్చు, తప్పకుండా ఇవ్వండి. కోత కూలి, గోనెలు, ఆటో బాడుగ కలిపి మార్కెట్లో వచ్చే డబ్బును మించిపోయిన రోజు రైతు కాయను చెట్టుకే వదిలేస్తాడు. కాయలో లోపం ఉండి కాదు. కార్తీకంలో ఇంటింటా శాకాహారమే కాబట్టి ధరలు మండుతాయి. మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి శీతాకాలపు పంట అంతా ఒక్కసారే దిగి ధర పడిపోతుంది. మీరు ఎక్కువ పని పెట్టుకోవాల్సింది ఆ రెండు నెలల్లోనే.

కానీ కోయడం ఇందులో తేలిక భాగం. మొదటి ఏడాది నేను పద్మనాభం వైపు నుంచి 200 కేజీల ఆనపకాయలు తెచ్చి ఒక వృద్ధాశ్రమం గుమ్మంలో దింపాను. అక్కడ ఉన్నది 30 మంది, వంట చేసే మామ్మ ఒక్కరే. నాలుగో రోజు వెళ్లేసరికి వరండాలో కుప్ప అడుగున ఉన్న కాయలు మెత్తబడి నీరు కారుతున్నాయి. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఒక్కో కాయనూ రెండు చేతులతో ఎత్తి బయటికి మోస్తోంది. "ఇన్నెందుకు తెచ్చావు నాయినా" అని మాత్రం అంది. అప్పటినుంచి మా లెక్క ఒకటే: ముందు పొయ్యి చూసుకోవాలి, తర్వాతే పొలం.

పరిగె ఎవరిదో తెలుసుకోండి

కోత అయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకోవడాన్ని పరిగె అంటారు. సెంటు భూమి లేనివాళ్లు ఆ గింజలతో కొన్నాళ్లు గడుపుకుంటారు. అందుకే వరిచేల జోలికి వెళ్లకండి. అది ఊళ్లోవాళ్ల పరిగె. కూరగాయల చేలో కూడా కాపు అయిపోయాక మిగిలిన కాయలు కూలికి వచ్చే ఆడవాళ్లు ఇంటికి పట్టుకెళ్తారు, తర్వాత మేకల మంద దిగుతుంది. వాళ్లందరూ తీసుకోగా మిగిలింది మనది. రైతును అడిగినట్టే, "అమ్మా, మీకు కావలసినవి తీసుకున్నారా?" అని వాళ్లనూ అడగాలి. పట్నం నుంచి బండేసుకుని వచ్చి, పేదవాళ్ల కోసం అంటూ ఊళ్లో పేదవాళ్ల నోటిదగ్గరది తీసుకుపోతే మనం చేసిన మేలు ఏముంది?

కావలసినవి

- నలుగురైదుగురు మనుషులు. పదిహేనుమంది వస్తామంటే మూడు జట్లు చేయండి. ఒకే చేలో పదిహేనుమంది దిగితే మొక్కలు మిగలవు.
- పదునైన చిన్న కత్తులు, కత్తెరలు, ఒక కొడవలి.
- ప్లాస్టిక్ క్రేట్లు పది పన్నెండు. టమాటా అయితే ఒక్కోదానిలో 20 నుంచి 25 కేజీలు పడతాయి. లేకపోతే వెదురు బుట్టలు వాడండి. గోనెసంచులు గుమ్మడి, దోస లాంటి గట్టి కాయలకు మాత్రమే.
- వేలాడదీసే కాటా, ఒక నోటుపుస్తకం.
- కాలంతా కప్పే బూట్లు, పొడుగు చేతుల చొక్కా, తువ్వాలు, చేతి తొడుగులు. వంకాయ తొడిమ ముళ్లు, బెండ నూగు చేతులకు ఎలా ఉంటాయో మొదటి అరగంటలోనే తెలుస్తుంది.
- మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, గాయానికి కట్టు సామాను.
- ట్రక్ ఆటో గానీ టాటా ఏస్ గానీ. ఏస్ సుమారు 750 కేజీలు మోస్తుంది, మొదట్లో అంత అవసరం రాదు.

1. ఎవరు వండుతారో తేల్చుకోండి

పచ్చి కూరగాయ పొయ్యి ఉన్నవాళ్లకే పనికొస్తుంది. కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) బయట రోగుల కోసం వచ్చి చెట్టుకింద పడుకునేవాళ్లకు, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర రాత్రి గడిపేవాళ్లకు బీరకాయలు ఇచ్చి ఏం లాభం? వాళ్లకు కావలసింది అన్నం. వాళ్లకు వండి పెట్టేవాళ్లు ఎవరో వెతికి, వాళ్ల వంటింటికి కూరగాయలు చేర్చండి. అనాథాశ్రమాలు, వృద్ధాశ్రమాలు, నిరాశ్రయుల వసతి గృహాలు, రోజూ అన్నదానం చేసే గుళ్లు, గురుద్వారాలో అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగరు, మురికివాడల్లో పది కుటుంబాలు కలిసి ఉండే వీధులు, ఇవన్నీ ఉన్నాయి.

ఒక్కో చోటికి వెళ్లి నాలుగు సంగతులు కనుక్కోండి: రోజూ ఎంతమంది తింటారు, తరిగేవాళ్లు ఎంతమంది, నిల్వకు నీడపట్టు చోటుందా, ఏ కూర తినరు. పూటకు ఒక్కొక్కరికి 150 గ్రాములు అనుకుంటే 40 మందికి 6 కేజీలు. రెండు పూటలు, మూడు రోజులకు 36 కేజీలు. అంతకు మించి అక్కడ దింపకండి. 200 కేజీలు కోయాలంటే అలాంటి వంటిళ్లు ఐదారు ముందే "సరే" అని ఉండాలి.

మీరే వండి పంచుదామనుకుంటే అది వేరే పని. దానికి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) దగ్గర నమోదు చేయించుకోవాలి. మిగులు ఆహారం పంపిణీకి 2019లో ప్రత్యేక నిబంధనలు కూడా వచ్చాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పచ్చి కూరగాయలతోనే ఆగడం మంచిది.

2. చేను వెతకండి, సరైన మనిషిని అడగండి

ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి వైపు కూరగాయల సాగు ఉంది. సబ్బవరం, కె.కోటపాడు కూడా దగ్గరే, కానీ 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అవి అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. అధికారుల్ని కలవాలంటే ఆ జిల్లావాళ్లనే కలవండి. ఊళ్లోకి వెళ్లగానే రైతు సేవా కేంద్రానికి వెళ్లండి. ఏ చేలో ఏ కాపు చివరికొచ్చిందో గ్రామ ఉద్యాన సహాయకులకు తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే తప్పు భూమి ఎవరిదని అడగడం. పంట ఎవరిదని అడగండి. మన దగ్గర కౌలు రైతులు ఎక్కువ. విశాఖలో ఉంటున్న భూయజమాని ఫోన్లో "కోసుకోండి, దానికేముంది" అంటాడు. పెట్టుబడి పెట్టి అప్పులో ఉన్నది కౌలుకు చేసిన మనిషి. ఆయన నోటితో అంటేనే చేలో కాలు పెట్టండి.

అడగడంలో మర్యాద ఉండాలి. "మీ పంట పాడైపోతోంది కదా, మాకిచ్చేయండి" అంటే పుండు మీద కారం చల్లినట్టే. పద్మనాభం దగ్గర ఒక పెద్దాయన బీరపందిరి కింద నిలబడి నాతో అన్నారు: "కోయిస్తే కూలి డబ్బులు నా చేతినుంచి పడతాయి బాబూ. కోయకపోతే కళ్లముందు ముదిరిపోతాయి. కోసుకుపోండి, తీగ మాత్రం లాగకండి." ఆ తీగకు ఇంకో రెండు కోతల ఆశ ఉంది ఆయనకు. ఆ ఆశ మన చేతిలో తెగకూడదు.

డబ్బు సంగతీ ముందే మాట్లాడుకోండి. ఇవ్వగలిగితే కేజీకి ఎంతో కొంత ఇవ్వండి, లేదా ఊళ్లో ఇద్దరికి కోత కూలి ఇచ్చి వాళ్లతోనే కోయించండి. చేతిపని తెలిసినవాళ్లు కాబట్టి కాయా బాగుంటుంది, మొక్కా బాగుంటుంది. రైతు డబ్బు వద్దంటే బలవంతం చేయకండి.

3. మందు ఎప్పుడు కొట్టారు?

ఈ ఒక్క ప్రశ్న అడగకుండా ఏ కాయా కోయకండి. వంగలో, బెండలో కాయతొలుచు పురుగుకు తరచుగా మందు కొడతారు. ప్రతి మందుకూ పిచికారీకీ కోతకూ మధ్య ఆగాల్సిన రోజులు ఉంటాయి. అది మందును బట్టి, పంటను బట్టి మారుతుంది. డబ్బా చూపించమని అడగండి. దాని మీద రంగు త్రికోణం ఉంటుంది: ఎరుపు అతి విషపూరితం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఆకుపచ్చ అయినా గడువు గడువే.

రైతుకు తేదీ గుర్తులేకపోయినా, డబ్బా దొరకకపోయినా ఆ చేను వదిలేయండి. "ఉప్పునీళ్లలో కడిగితే పోతుంది కదా" అని ఎవరో ఒకరు అంటారు. పైపైన ఉన్నది కొంత పోతుంది. మొక్క లోపలికి ఇంకే మందులు ఏ కడుగుడుకీ పోవు. తినబోయేది పసిపిల్లలు, ముసలివాళ్లు.

నీళ్లు ఎక్కడివో కూడా చూడండి. నగరం అంచుల్లో మురుగు గెడ్డ నీటితో పెంచే ఆకుకూరలు వద్దు. తుపాను తర్వాత వరదనీట మునిగిన ఆకుకూరలూ, నేలను తాకిన కాయలూ వద్దు.

4. కోత

తెల్లవారి వెలుగు రాగానే చేలో ఉండండి, ఎనిమిదికల్లా కోత ఆపేయండి. మన ఉక్కపోతలో తొమ్మిది దాటాక కోసిన కాయ వేడితోనే క్రేట్లోకి వెళ్లి సాయంత్రానికి వాడిపోతుంది. మనుషులూ అంతే.

దిగే ముందు గట్టు మీద కర్రతో చప్పుడు చేయండి. చేతులు పాదులోకి పెట్టే ముందు కళ్లు పెట్టండి. రక్తపింజర, కట్లపాము, నాగుపాము మన చేలల్లో ఉంటాయి. ఎవరినైనా పాము కాటేస్తే తాడు బిగించి కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం ఏదీ చేయకండి. మనిషిని నడవనివ్వకుండా, కాటుపడ్డ కాలో చెయ్యో కదలనివ్వకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. పామును వెతకడానికి ఒక్క నిమిషం కూడా పోనివ్వకండి.

కాయ కోతలో చూడాల్సినవి:

- బెండ: కొస విరిస్తే టక్కున విరగాలి. వంగితే ముదిరింది, వదిలేయండి.
- ఆనప: గోరు నొక్కితే దిగాలి. తొడిమ ఒక అంగుళం ఉంచి కత్తితో కోయండి, మెలితిప్పి లాగకండి.
- బీర: ఊపితే గింజ చప్పుడు వినిపించకూడదు.
- వంకాయ: మెరుపు పోయి గోధుమరంగు తిరిగినది గింజపట్టిపోయింది.
- టమాటా: దోరగా ఉన్నవాటినీ పండినవాటినీ వేరువేరు క్రేట్లలో వేయండి. నేల మీద రాలి పగిలినవి వద్దు.
- గోరుచిక్కుడు: విరిస్తే పీచు సాగకూడదు.

ఆనప, బీర, దోస జాతి కాయల విషయంలో ఇంకో జాగ్రత్త. ఒక్కోసారి కాయ చేదుగా ఉంటుంది. ఆ చేదు విషమే. ఉడికించినా పోదు, వాంతులు, రక్త విరేచనాల దాకా తీసుకెళ్తుంది. వండే ముందు ప్రతి కాయ నుంచీ చిన్న ముక్క నాలుకకు తగిలించి, చేదైతే ఉమ్మేసి ఆ కాయ పారేయమని వంటవాళ్లకు తప్పనిసరిగా చెప్పండి. నేను దీన్ని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి క్రేటుకు కట్టి పంపుతాను.

5. నీడలో ఏరి సర్దండి

చెట్టుకింద గోనె పరిచి మూడు కుప్పలు చేయండి. ఈరోజే వండాల్సినవి, రెండు మూడు రోజులు ఆగేవి, పశువులకు పోయేవి. పుచ్చు ఉన్న వంకాయ ఒక్కటి పడితే సరే, వంటలో తీసేస్తారు. కుళ్లు తగిలిన టమాటా ఒక్కటి పడినా క్రేటంతా పోతుంది. పశువుల కుప్పను ఊళ్లోనే, రైతును అడిగి ఇచ్చేయండి. బూజుపట్టినవి, పులిసిపోయినవి పశువులకూ పెట్టకూడదు. అవి ఎరువు గుంటకే.

ఇక్కడ కాయలు కడగకండి. తడి మీద సర్దితే బెండ జిగురెక్కుతుంది, టమాటాకు బూజు పడుతుంది. మట్టి పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఆకుకూరలు మాత్రం కట్టలు నిలబెట్టి, పైన తడి గోనె కప్పండి. బరువు కాయలు అడుగున, మెత్తనివి పైన ఉండాలన్నది అందరికీ తెలుసు. తెలిసినా తొందరలో అందరూ మర్చిపోతారు.

బయల్దేరే ముందు చేను చుట్టూ ఒకసారి తిరగండి. నీళ్ల సీసాలు, బిస్కెట్ కవర్లు ఏరేయండి. బోదెలో అడ్డుపడ్డ మట్టి సరిచేయండి. రైతు రెండోసారి పిలుస్తాడా లేదా అన్నది ఇక్కడే తేలుతుంది.

6. అప్పగింత

చేలో కోసిన రోజే, మధ్యాహ్నం వంటకు ముందే దింపేయాలి. ఆలస్యమైతే సాయంత్రం నాలుగుకి వెళ్లండి. వంటవాళ్లు అన్నం వార్చే వేళకు వెళ్లి "ఎక్కడ దింపమంటారు?" అని నిలబడకండి.

నిల్వ ఎన్నాళ్లో చెప్పి ఇవ్వండి. ఫ్రిజ్ లేని చోట ఆకుకూర ఆ పూటే. బెండ మర్నాటికి. పండిన టమాటా, వంకాయ రెండు మూడు రోజులు. ఆనపకాయ నీడలో, ఒకదాని మీద ఒకటి పడకుండా పెడితే నాలుగైదు రోజులు. బాగా ముదిరిన గుమ్మడి నెలల తరబడి ఉంటుంది, అందుకే ఆశ్రమాలవాళ్లు గుమ్మడికాయ కనిపిస్తే సంతోషిస్తారు.

వీధిలో కుటుంబాలకు పంచేటప్పుడు వరుసలో నిలబెట్టి ఫొటోలు తీయకండి. వీధి అరుగు మీద క్రేట్లు పెట్టి, ఎవరికి కావలసినవి వాళ్లను ఏరుకోనివ్వండి. మనం బజారులో ఏరుకోమా? వాళ్లదీ అదే చెయ్యి. ఇష్టమైన కాయ పట్టుకెళ్తే ఆ ఇంట్లో అది వండుతారు. మనం చేతిలో కుక్కిన సంచి మూలన పడి ఉంటుంది.

7. పని సరిగ్గా జరిగిందా? మూడు తూకాలు

చేలో కోసినప్పుడు ఒక తూకం. ఏరాక బండెక్కించేటప్పుడు ఒక తూకం. మూడోది మూడు రోజుల తర్వాత, వంటింటికి వెళ్లో ఫోన్ చేసో "ఎంత పారేశారు?" అని అడిగి రాసుకోండి. ఎంత ఇచ్చామన్నది లెక్క కాదు, ఎంత తిన్నారన్నది లెక్క.

మొదటి రెండు తూకాల మధ్య తేడా బాగా ఎక్కువగా ఉంటే మీ కోత బాగాలేదు. ముదురు, పుచ్చు చూడకుండా కోస్తున్నారు. మూడో దగ్గర ఎక్కువ పోతే ఒకే చోట ఎక్కువ దింపుతున్నారు, లేదా వాళ్లు తినని కూర ఇస్తున్నారు. మాకు ఒక హాస్టల్లో వరసగా రెండుసార్లు కాకరకాయలు అలాగే మిగిలాయి. అక్కడ ఉన్నదంతా పదేళ్ల లోపు పిల్లలు. వాటిని పెద్దవాళ్లుండే ఆశ్రమానికి మార్చాక ఒక్క కాయ పోలేదు.

రైతుకూ ఫోన్ చేయండి. ఎన్ని కేజీలు ఎక్కడికి వెళ్లాయో, ఏం వండారో చెప్పండి. నాకు బీరకాయలు ఇచ్చిన పెద్దాయన అడిగింది అదొక్కటే: "పచ్చడి చేశారా, పప్పులో వేశారా?"

చేను దొరకకపోతే, బండి లేకపోతే

రైతు బజారుకు వెళ్లండి. 1999లో మొదలైన ఈ బజార్లు మనకు సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, కంచరపాలెం, గోపాలపట్నం, ఇలా చాలాచోట్ల ఉన్నాయి. పొద్దున్నే ఊళ్ల నుంచి సరుకు తెచ్చినవాళ్లకు మిగిలిన ఆకుకూర కట్టలు తిరిగి మోసుకెళ్లడం భారం. కానీ మూసే దాకా ఆగండి. చివరి గంటలో ధర తగ్గించి కుప్పలు పోసి అమ్ముతారు, ఆ కుప్ప కోసమే కాచుకుని వచ్చే ముసలమ్మలు, కూలిపనుల నుంచి ఇంటికి వెళ్లేవాళ్లు ఉంటారు. అది బజారు పరిగె. మీరు ముందే వెళ్లి ఉచితంగా పట్టుకుపోతే అమ్మేవాళ్లకు ఆఖరి పది రూపాయలూ పోతాయి, కొనేవాళ్లకు కూరా పోతుంది. బల్లలు సర్దేటప్పుడు వెళ్లి అడగండి. రెండు సంచులు, ఒక స్కూటరు చాలు. ఆకుకూర కాబట్టి ఆ రాత్రే వండే చోటికి వెళ్లాలి.

మీ కాలనీలోనూ చూడండి. వేసవిలో పెరటి మునగచెట్లకు కాయలు ఎండి విచ్చుకునేదాకా వేలాడుతుంటాయి. ఇంటివాళ్లు ఇద్దరే ముసలివాళ్లు, కోసేవాళ్లు లేరు. దోటికి కొడవలి కట్టి కోయండి, చెట్టెక్కకండి. మునగకొమ్మ పెళుసు, చెప్పకుండా విరుగుతుంది. కరెంటు తీగలు దగ్గరుంటే ఇనుప గొట్టం దోటి అసలు వాడొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలి వీచిన మర్నాడు మామిడితోటలకు వెళ్లండి. రాలిన కాయ దెబ్బ తగిలిన కాయే, ఆవకాయకు పనికిరాదు, నిల్వ ఉండదు. అదే రోజు మామిడికాయ పప్పుకో పచ్చడికో వెళ్లిపోవాలి. ఎక్కువ వస్తే చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పు పట్టించి ఎండబెట్టి ఒరుగులు చేయండి. విశాఖ గాలిలో తేమ ఎక్కువ, అందుకే సాయంత్రం కాగానే లోపల పెట్టేయండి. ముక్క వంచితే పుటుక్కున విరిగేదాకా ఎండనిచ్చి అప్పుడు డబ్బాకెత్తండి. దెబ్బ తగలని పక్వపు కాయలు దొరికితే వరిగడ్డిలో మాగవేయండి. కార్బైడ్ పొట్లం ఎవరిచ్చినా పెట్టకండి, అది మన దేశంలో నిషేధం.

మొదటిసారి వెళ్తున్నవాళ్లు ఒక చేను, ఒక కూరగాయ, రెండు వంటిళ్లు మాత్రమే పెట్టుకోండి. 60 కేజీలు చాలు. మూడో తూకంలో పారేసింది రెండు మూడు కేజీలకు దిగేదాకా అంతకు మించి పెంచకండి.